కార్డానోలో డీరెప్‌గా నమోదై ఓటేశాను: నా అనుభవం

2025 జనవరి 29న కార్డానో అనే క్రిప్టో నెట్‌వర్క్‌లో ప్లోమిన్ హార్డ్‌ఫోర్క్ జరిగింది, అంటే నెట్‌వర్క్ నిబంధనలు మార్చే పెద్ద అప్‌డేట్. అప్పటిదాకా నాకు ఏడా, అంటే కార్డానో నాణెం, దాచుకున్న సొమ్ము, అంతే. 2021లో కొన్నవి కొన్ని, తర్వాత వీలు చిక్కినప్పుడల్లా కొన్నవి కొన్ని, అన్నీ ఒక పూల్‌కు, అంటే నెట్‌వర్క్‌ను నడిపే ఒక కంప్యూటర్‌కు, మద్దతుగా స్టేక్ చేసి ఉంచాను. అందుకు అయిదు రోజులకోసారి పడే రివార్డులను ఎప్పుడో ఒకసారి తీసుకునేదాన్ని. ఫిబ్రవరిలో అలాగే తీసుకోబోతే వాలెట్ (నాణేలు ఉంచుకునే యాప్) ఒప్పుకోలేదు. ఓటు హక్కు ఎవరికైనా అప్పగిస్తేనే రివార్డులు బయటికి వస్తాయని తెరమీద కనబడింది. రివార్డులు పడటం ఆగలేదు, తీసుకోవడమే ఆగింది. కింద మూడు దారులు చూపించారు: ఒక డీరెప్‌ను, అంటే మన తరఫున ఓటేసే ప్రతినిధిని, ఎంచుకోవడం, ‘ఎప్పుడూ తటస్థం’, ‘విశ్వాసం లేదు’.

నాకు తెలిసినవాళ్లలో ఏడా ఉన్న ప్రతి ఒక్కరూ ‘ఎప్పుడూ తటస్థం’ నొక్కేసి రివార్డులు తీసేసుకున్నారు. నేనూ ఆ మీటదాకా వెళ్లి ఆగాను. నేను గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీలో అకౌంట్లు చూస్తాను. చదవకుండా సంతకం పెట్టడం నా వృత్తిలో లేదు. ఆ రాత్రి సిప్-1694 అనే పత్రం తీసి చదివాను. కార్డానో ఓటింగ్ పద్ధతంతా అందులోనే ఉంది.

చదివాక అర్థమైంది ఇది. తటస్థం నొక్కినవాళ్ల ఏడా మొత్తాన్ని లెక్కలోంచే తీసేస్తారు. ఒక మార్పుకు 67 శాతం కావాలంటే, ఆ 67 మిగిలినవాళ్లలో చూస్తారు. మనం పక్కకు తప్పుకున్న మేరకు అక్కడున్న పెద్దవాళ్ల బరువు పెరుగుతుంది. ‘విశ్వాసం లేదు’ అని పెడితే ప్రతిదానికీ మన ఓటు ‘వద్దు’ కింద పడుతుంది, ప్రతిపాదనలు కార్డానో రాజ్యాంగానికి లోబడి ఉన్నాయో లేదో చూసే రాజ్యాంగ కమిటీని దించే తీర్మానానికి మాత్రం ‘అవును’ అని పడుతుంది. ఏళ్లతరబడి ఈ నెట్‌వర్క్ నిబంధనలు మార్చే తాళాలు మూడు వ్యవస్థాపక సంస్థల దగ్గర ఉండేవి. 2024 సెప్టెంబరు 1న జరిగిన చాంగ్ హార్డ్‌ఫోర్క్‌తో ఆ అధికారం చేతులు మారడం మొదలై, ప్లోమిన్‌తో పూర్తిగా ఏడా ఉన్నవాళ్ల దగ్గరికి వచ్చింది. వచ్చినదాన్ని ఒక్క నొక్కుతో వదిలేయడం నాకు మనసొప్పలేదు.

ముందు వేరొకరికి అప్పగించి చూశాను. డీరెప్‌ల జాబితాలో వందల పేర్లున్నాయి. సగం మంది తమ గురించి ఒక్క ముక్క రాయలేదు. రాసినవాళ్లలో ఒకరి మాట నచ్చి ఎంచుకున్నాను. దానికి ఖర్చు పావు ఏడా కూడా కాలేదు. రివార్డులు వెంటనే తీసుకోగలిగాను. ఆ తర్వాత ఆయన వేసే ఓట్లు గమనిస్తూ వచ్చాను. అవును, అవును, వద్దు, అవును. ఎందుకో ఎక్కడా రాయలేదు. కోట్ల ఏడా కదిలే విషయంలో నా తరఫున వేసిన ఓటుకు ఒక్క వాక్యం కారణం కూడా చూపకపోతే నాకు నిద్ర పట్టదు. మా తమ్ముడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాడు. వాడికి ఫోన్ చేసి చెబితే, “అక్కా, అంత బాధగా ఉంటే నువ్వే నమోదు చేసుకోవచ్చుగా. దానికి పరీక్షేం లేదు, 500 ఏడా డిపాజిట్ చాలు” అన్నాడు.

మార్చి నెలాఖరు లెక్కలు, పైన మిర్చి సీజను. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దిగుతున్నంతకాలం నాకు తల ఎత్తే తీరిక లేదు. మే నెలలో మొదలుపెట్టాను.

డబ్బు సంగతి ముందు చెబుతాను, అందరూ అడిగేది అదే. 500 ఏడా అంటే అప్పటి ధరలో ముప్పై వేల పైమాటే. అది ఫీజు కాదు. డీరెప్‌గా విరమించుకున్న రోజు అదే లావాదేవీలో తిరిగొచ్చేస్తుంది. ఉన్నంతకాలం మాత్రం అక్కడే ఉండిపోతుంది, దానిమీద స్టేకింగ్ రివార్డు కూడా రాదు. ఇంకో సంగతి నన్ను నిజంగా కష్టపెట్టింది. ఎవరి తరఫునా కాకుండా, నా ఏడాకు నేనే ఓటేసుకుంటాను అన్నా అదే 500 కట్టాలి. అంటే రెండు మూడు వందల ఏడా ఉన్న కాలేజీ కుర్రాడికి నేరుగా ఓటు లేదు, ఎవరికో ఒకరికి అప్పగించాల్సిందే. ఇది నాకు ఇప్పటికీ న్యాయంగా అనిపించదు. దొంగ నమోదులు రాకుండా డిపాజిట్ ఉండాలి, ఒప్పుకుంటాను. తన ఓటు తానే వేసుకునేవాడికీ అంతే పెట్టడం ఎక్కువ.

నా దగ్గర ఉన్నవాటిలోంచి 500 తీస్తే స్టేకింగ్‌లో మిగిలేది తగ్గుతుందని, కొంత కొత్తగా కొన్నాను. కొనడం నిమిషాల్లో అయింది. ఎక్స్‌ఛేంజీ నుంచి నా వాలెట్‌కు తెచ్చుకోవడానికి వారం దాటింది. ఈ వాలెట్ మీదేనా, డబ్బు ఎక్కడిది, ఎందుకు పంపుతున్నారు అంటూ ఒకదాని తర్వాత ఒకటి అడిగారు. పాన్, బ్యాంకు స్టేట్‌మెంటు మళ్లీ పంపాను. ఆ వారం రోజులూ ఫోన్ మోగినప్పుడల్లా గుండె ఆగినట్టయ్యేది. మీరు చేయాలనుకుంటే ముందే చిన్న మొత్తం ఒకటి వాలెట్‌కు పంపి చూసుకోండి. కొన్నిచోట్ల నాణేలు బయటికి పంపడానికి అసలు వీలే ఉండదు, కొనేముందే అది అడిగి తెలుసుకోవాలి. ఎప్పుడైనా అమ్మితే లాభం మీద 30 శాతం పన్ను, అమ్మకం మీద 1 శాతం టీడీఎస్ ఎలాగూ ఉన్నాయి. ఒకదాంట్లో వచ్చిన నష్టాన్ని ఇంకోదాని లాభంలో తగ్గించుకోనివ్వరు. అందుకే డిపాజిట్‌కు కావాల్సింది ఒక్కసారే లెక్క చూసుకుని కొనడం మంచిది.

నమోదు గవ్‌టూల్ అనే సైట్‌లో చేశాను. వాలెట్ కలిపాక ఒక ఫారం వస్తుంది: పేరు, ఉద్దేశాలు, ఎందుకు చేస్తున్నారు, మీ అర్హతలు. నేను తెలుగులో రాసి కింద ఇంగ్లిషులో కూడా రాశాను. మిర్చి బస్తాల అద్దె లెక్కలు, బ్యాంకు ఓడీ లెక్కలు ఇరవై ఏళ్లుగా చూస్తున్నానని, ట్రెజరీ (నెట్‌వర్క్ ఉమ్మడి నిధి) డబ్బు అడిగేవాళ్ల బడ్జెట్‌ను అదే కంటితో చదువుతానని రాశాను. అసలు చిక్కు ఆ తర్వాతే. మనం రాసింది చెయిన్‌లోకి, అంటే నెట్‌వర్క్ ఉమ్మడి పద్దులోకి, వెళ్లదు. అది ఒక ఫైలుగా దిగుతుంది. నేను చేసినప్పుడు ఆ ఫైలును మనమే ఎక్కడో అందరికీ కనబడేలా పెట్టి, దాని లింకు ఇవ్వాల్సి వచ్చింది. చెయిన్‌లోకి ఎక్కేది ఆ లింకు, ఫైలు వేలిముద్ర లాంటి ఒక హాష్, ఈ రెండే. లింకు 128 బైట్లు దాటకూడదు. ఫైలులో ఒక్క అక్షరం మారినా, చివర ఒక ఖాళీ లైను చేరినా హాష్ సరిపోదు, అప్పుడు మీ వివరాలు ఎవరికీ కనబడవు. కొన్ని ఎడిటర్లు తెరిచి సేవ్ చేస్తే చాలు, అడక్కుండానే ఆ ఖాళీ లైను చేరుస్తాయి. కాబట్టి దిగిన ఫైలును తెరవకుండా, దిగింది దిగినట్టే పైకెక్కించాలి. తమ్ముడు గిట్‌హబ్‌లో పెట్టి చూపించాడు, తర్వాత ఐపీఎఫ్ఎస్‌లోనూ పెట్టాడు, రెండూ ఫైళ్లు అందరికీ కనబడేలా పెట్టే చోట్లే.

ఫైలు సరిపోయిందని ఆకుపచ్చ టిక్కు పడ్డాక, 500 ఏడా డిపాజిట్ అని చూపించి వాలెట్ పాస్‌వర్డ్ అడిగింది. మా ఆయన పక్కనే కూర్చున్నారు. “ఇవి పోతే?” అన్నారు. “పోవండీ, విరమిస్తే వస్తాయి” అన్నాను. అన్నానే గాని పాస్‌వర్డ్ కొడుతుంటే చేతులు చల్లబడ్డాయి. నిమిషంలోపే లావాదేవీ ఖాయమైంది. జాబితాలో నా పేరు కనబడటానికి మాత్రం చాలాసేపు పట్టింది, అది చూసి కంగారుపడకండి.

రెండు విషయాలు ఎవరూ ముందు చెప్పలేదు. డీరెప్‌గా నమోదైనంత మాత్రాన నా సొంత ఏడా నా కిందికి రాదు. వాలెట్‌లో మళ్లీ ఓటును నాకు నేనే అప్పగించుకోవాలి, అది వేరే లావాదేవీ. రెండోది, డీరెప్ ఐడీ రెండు పద్ధతుల్లో రాస్తారు. రెండూ ‘డీరెప్1’ అనే మొదలవుతాయి, తర్వాతి అక్షరాలు వేరుగా ఉంటాయి. ఒక సైట్‌లో ఒకటి, ఇంకో సైట్‌లో ఇంకోటి కనబడితే ఎవరో నా పేరు వాడేస్తున్నారని భయపడ్డాను. రెండూ నావే.

మనకు అప్పగించిన బరువు ఆ రోజుకారోజు లెక్కలోకి రాదు. ఎపాక్ మారాలి, ఎపాక్ అంటే అయిదు రోజులు. ఎపాక్ మారిన రాత్రి నా పేరు పక్కన మొదటిసారి అంకె కనబడింది. పెద్దగా చెప్పుకునేది కాదు. పైవరుసల్లో ఉన్న డీరెప్‌ల పేరు పక్కన కోట్లలో ఉంటాయి. ఓటు నాణేన్నిబట్టి, మనిషినిబట్టి కాదు. ఈ పద్ధతిలో సామాన్యుడికి నిజమైన అడ్డు ఇదే. దీన్ని దాటే దారి ఒక్కటే ఉంది, చిన్నవాళ్లు తటస్థం వదిలి ఒకచోట చేరడం.

అందుకని అడగడం మొదలుపెట్టాను. మా పిన్నమ్మ కొడుకు, మా ఆడపడుచు భర్త, నా పాత క్లాస్‌మేట్లు కొందరు. అందరిదీ ఒకటే భయం. “వదినా, మీకు అప్పగిస్తే నా ఏడా మీ వాలెట్‌లోకి వస్తాయా?” రావు. మీ నాణేలు మీ దగ్గరే ఉంటాయి, ఎప్పుడైనా అమ్ముకోవచ్చు, స్టేకింగ్ పూల్ కూడా మారదు. అపార్ట్‌మెంటు మీటింగుకు మీరు రాలేక మీ తరఫున నన్ను చెయ్యెత్తమన్నట్టు, అంతే. రేపు నచ్చకపోతే ఇంకొకరిని ఎత్తమనొచ్చు. సీడ్ ఫ్రేజ్ (వాలెట్ తెరిచే రహస్య పదాలు) ఎవరడిగినా, నేనడిగినా, చెప్పొద్దని ప్రతి ఒక్కరికీ విడిగా చెప్పాను. ఈ పేరుతో మోసాలు చేసేవాళ్లు ఉంటారు. కొందరు ఆ మాట విన్నాకే ధైర్యం చేసి అప్పగించారు. ఒక రోజు ఎవరో తెలియని వాలెట్ నుంచి మంచి మొత్తమే వచ్చి చేరింది. ఎవరో ఇప్పటికీ తెలియదు. నేను తెలుగులో రాసింది చదివి ఉంటారనుకుంటే ఆ రోజంతా ఎంత సంతోషంగా ఉన్నానో చెప్పలేను.

జూలైలో అసలు పని వచ్చిపడింది. ట్రెజరీ నుంచి డబ్బు అడిగే ప్రతిపాదనలు 39 దాదాపు ఒకేసారి ఓటుకు వచ్చాయి. అన్నీ కలిపి 27 కోట్ల ఏడా పైనే. ఆ ఏడాదికి ట్రెజరీ నుంచి 35 కోట్ల ఏడాకు మించి తీయకూడదని అంతకుముందే ఓటుతో హద్దు పెట్టుకున్నారు, దానికి లోబడే ఉన్నాయి. ఒక్కో ప్రతిపాదనకు గడువు ఆరు ఎపాక్‌లు, అంటే నెల. 67 శాతం డీరెప్ బరువు ‘అవును’ అనాలి, రాజ్యాంగ కమిటీలో మూడింట రెండొంతుల మంది ఇది రాజ్యాంగానికి లోబడే ఉందనాలి. ఇక్కడ తెలుసుకోవాల్సింది ఒకటుంది. నమోదై, చురుగ్గా ఉన్న డీరెప్ ఓటు వేయకపోతే అతని బరువు ‘వద్దు’ వైపే పనిచేస్తుంది. తెలియకపోతే తటస్థం అని ఓటు వేయాలి. ఊరుకుంటే మాత్రం వద్దన్నట్టే.

రాత్రి పదింటికి వంటిల్లు సర్దుకుని కూర్చుంటే పన్నెండు దాకా చదివేదాన్ని. కొన్ని బడ్జెట్లు చూస్తే ముచ్చటేసింది. ఎంతమంది, ఎన్ని నెలలు, ఏ పని అయితే ఎంత విడుదల, అన్నీ వరసగా రాశారు. కొన్ని చూస్తే ఒళ్లు మండింది. ఒకదాంట్లో ఖర్చంతా డాలర్లలో రాసి, ఏడాకు ఒక ధర అనుకుని మొత్తం అడిగారు. ధర పెరిగితే మిగిలేది ట్రెజరీకి తిరిగిస్తారా, తామే ఉంచుకుంటారా అన్నది ఎక్కడా లేదు. మా కోల్డ్ స్టోరేజీలో అమోనియా ప్లాంటు రిపేరుకు కొటేషన్ ఇచ్చేవాడైనా మిగిలిన సామాను ఎవరిదో రాసిస్తాడు. నేను ‘వద్దు’ వేసి సరిగ్గా ఆ మాటే కారణంగా రాశాను. నెగ్గినవాటి డబ్బు ఒకేసారి చేతికివ్వకుండా, కార్డానో సభ్యుల సంస్థ ఇంటర్సెక్ట్ నిర్వహించే స్మార్ట్ కాంట్రాక్టుల్లో (షరతుల ప్రకారం నడిచే ప్రోగ్రాముల్లో) పెట్టి, పని జరిగిన మేరకు విడుదల చేసే ఏర్పాటు ఉంది. అది నాకు చాలా నచ్చిన భాగం.

అన్నిటికంటే పెద్దది ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఇంజినీరింగ్ సంస్థ అడిగినది, 9 కోట్ల 60 లక్షల ఏడాకు పైగా. హైడ్రా, లియోస్ వంటి పనులకు. దీనిమీద నాలో నాకే పెద్ద వాదం నడిచింది. నెట్‌వర్క్ వేగం పెంచే పని ఇది, వేరేవాళ్లెవరూ ఇప్పటికిప్పుడు చేయలేరు. అలాగని ఒక్క సంస్థకే అంత ఇస్తే ఇంకో జట్టు ఎప్పటికి తయారవుతుంది? చివరికి ‘అవును’ వేశాను. పని లెక్కలు నెలనెలా బయటపెట్టాలని, వచ్చే ఏడాది ఇందులో కొన్ని పనులు వేరే జట్లకు విడగొట్టాలని కారణంలో రాశాను. ఆగస్టు మొదట్లో అది దాదాపు 74 శాతంతో నెగ్గింది. నేను వద్దన్నవాటిలోనూ కొన్ని నెగ్గాయి. అలా నెగ్గిన మొదటి రోజు మనసు బాగా చివుక్కుమంది. ఇన్ని రాత్రులు చదివి లాభమేంటనిపించింది. కానీ మా పిన్నమ్మ కొడుకు ఫోన్ చేసి, “అక్కా, నువ్వు రాసింది చదివాను. ఆ ధర సంగతి నాకు తట్టనే లేదు” అన్నాడు. వాడు అంతకుముందు తటస్థంలో ఉన్నవాడే.

ఒక్కో ఓటుకు ఖర్చు పావు ఏడా లోపే. కారణం రాయాలంటే మళ్లీ అదే తంతు: ఫైలు, లింకు, హాష్. దీనివల్లే చాలామంది కారణాలు రాయరని ఇప్పుడు అర్థమైంది. వాళ్లమీద కోపం కొంచెం తగ్గింది, పూర్తిగా పోలేదు. గడువులోపు ఓటు మార్చుకోవచ్చు. నేను ఒకదాన్ని మార్చాను కూడా, అడిగినవాళ్లు వివరణ ఇచ్చాక.

ప్రోటోకాల్ (నెట్‌వర్క్ నిబంధనలు) మార్పు అంటే ఏమిటో నాకు చేతికందినట్టు తెలిసింది మెమరీ హద్దు పెంచే ప్రతిపాదన వచ్చినప్పుడు. ఒక్క లావాదేవీలో స్మార్ట్ కాంట్రాక్టు వాడుకోగల మెమరీని కోటీ 40 లక్షల యూనిట్ల నుంచి కోటీ 65 లక్షలకు పెంచాలని అడిగారు. డబ్బు లెక్క అయితే నాకు తెలుసు, ఇది నాకు తెలియని రంగం. తమ్ముడిని కూర్చోబెట్టి అడిగాను. “పెంచితే ఎవరికి లాభం, ఎవరికి భారం?” కాంట్రాక్టులు రాసేవాళ్లు ఒకే లావాదేవీలో ఎక్కువ పని పెట్టుకోగలరు. పూల్ నడిపేవాళ్ల కంప్యూటర్లకు ఆ మేరకు పని పెరుగుతుంది, బ్లాకుకు వేరే హద్దు ఎలాగూ ఉంది. రాజ్యాంగంలో గార్డ్‌రైల్స్ అని ఒక అనుబంధం ఉంటుంది, ఏ సంఖ్యను ఎంతలోపు మార్చొచ్చో, ఏది తగ్గించకూడదో అందులో రాసి ఉంది. అది పక్కన పెట్టుకుని చదివాను. నేను స్టేక్ చేసిన పూల్ నడిపే ఆయనకు మెసేజ్ పెడితే, మా మిషన్‌కు ఇదేం ఇబ్బంది కాదండీ అని జవాబిచ్చాడు. అప్పుడు ‘అవును’ వేశాను. ఇన్నేళ్లుగా నేను వాడుతున్న ఒక యంత్రం లోపలి మరను ఎంత బిగించాలో నన్ను అడిగారు, నేను తెలుసుకుని చెప్పాను. నాకు ఇంత గౌరవం ఏ బ్యాంకూ ఇవ్వలేదు.

ఒక ప్రతిపాదన నెగ్గినా అది ఆ క్షణమే అమలవదు. ఎపాక్ మారేటప్పుడు లెక్క తేలుతుంది, దాని తర్వాతి ఎపాక్ మారేటప్పుడు అమల్లోకి వస్తుంది. ఇంకా అమలు కాలేదేంటని నన్నడిగినవాళ్లకు ఇదే చెబుతున్నాను.

మిగిలిన బాధ ఒకటుంది. ఓటేయగలం, అడగలేం. మనంతట మనం ఒక మార్పు ప్రతిపాదించాలంటే లక్ష ఏడా డిపాజిట్ పెట్టాలి. ఓడినా గెలిచినా ఆ డిపాజిట్ తిరిగొస్తుంది, కానీ అప్పటి ధరలో అరవై డెబ్భై లక్షల రూపాయలు నెలపాటు పక్కన పెట్టగల సామాన్యుడు ఎక్కడున్నాడు? కొంతమంది కలిసి పోగేసుకుని పెట్టుకోవచ్చంటారు. డిపాజిట్ తగ్గించమనే ప్రతిపాదన ఎవరు తెచ్చినా నా ఓటు ‘అవును’.

ఈ పనికి జీతం లేదు. ప్రోటోకాల్ డీరెప్‌లకు ఏమీ ఇవ్వదు. వరసగా 20 ఎపాక్‌లు, అంటే వంద రోజులు, ఏ ఓటూ వేయకపోతే మనల్ని నిద్రాణంగా లెక్కగట్టి పక్కన పెడతారు. మళ్లీ ఓటేస్తే తిరిగి లెక్కలోకి వస్తాం. సీజనులో నాకు కుదరదు కాబట్టి, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా తమ్ముడు ప్రతి ప్రతిపాదనకూ అరపేజీ సారాంశం రాసి పంపేలా, ఆదివారాలు నేను చదివి ఓటేసేలా మాట్లాడుకున్నాం. నాకు అప్పగించినవాళ్లందరికీ ఈ సంగతి ముందే చెప్పాను, ఆ మూడు నెలలు వేరొకరికి మార్చుకున్నా ఏమీ అనుకోనని కూడా. నమోదు చేసుకోవాలనుకునేవాళ్లు డిపాజిట్ 500తో పాటు ఫీజులకు, ఏడాది ఓట్లకు కలిపి ఇంకో పది ఇరవై ఏడా వాలెట్‌లో ఉంచుకోండి. అంత పెట్టలేనివాళ్లు కనీసం తటస్థం తీసేసి, కారణాలు రాసే డీరెప్ ఒకరిని చూసుకుని ఓటు అప్పగించండి. దానికి అయ్యేది పావు ఏడా లోపే.